హెడ్ విప్పే ముందు ఇవి చూడండి: పాత టీటీ (టెంపో ట్రావెలర్) 2.4 డీజిల్ ఇంజిన్ సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరు నుంచి తిరుపతికి, కాణిపాకానికి యాత్రికులను తిప్పే మనవాళ్ల దగ్గర పాత టెంపో ట్రావెలర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆ బండి కాస్త పొగ వదిలినా, పొద్దున్నే మొరాయించినా గ్యారేజీలో వినపడే మొదటి మాట ఒకటే: "హెడ్ దించాలన్నా." అంటే ఇంజిన్ పైభాగం విప్పాలని. దించేస్తే వాళ్లకు వారం పని, మనకు వారం ట్రిప్పులు పోయినట్టు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. పాత మెకానికల్ డీజిల్ పంపు ఉన్న ఇంజిన్ల గురించే ఇక్కడ రాస్తున్నాను. తర్వాత వచ్చిన, కంప్యూటర్‌తో డీజిల్ చిమ్మే కామన్ రైల్ బండ్ల కథ వేరు.

ముందు ఇంజిన్ సంగతి. ఇది మెర్సిడెస్ ఓఎం616 వంశం. 1973లో 240డీ కారుతో వచ్చింది. మన దేశంలో బజాజ్ టెంపో 1987లో ట్రావెలర్ తెచ్చింది. ఆ కంపెనీ పేరే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారింది. నాలుగు సిలిండర్లు, బోరు 90.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92.4, మొత్తం 2399 సీసీ. కంప్రెషన్ 21:1. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, ఫ్యాన్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్. టర్బో లేదు. కారులో మొదట 65 హార్స్‌పవర్, తర్వాత 72. పదమూడు మందిని, వాళ్ల సామాన్లను ఎక్కించుకున్న బండికి ఇది ఎక్కువేం కాదు కాబట్టి ఇందులో పది శాతం పోయినా ఘాట్‌లో వెంటనే తెలిసిపోతుంది. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, ముందు హెడ్‌లోని చిన్న గదిలో, అంటే ప్రీచాంబర్‌లో అంటుకుంటుంది. దీని తిక్కలన్నీ ఆ ఒక్క విషయం నుంచే మొదలవుతాయి.

పొద్దున స్టార్ట్ కాదు, సెల్ఫ్ మాత్రం బాగా తిరుగుతుంది

డిసెంబరులో బెంగళూరు చలికి అందరూ చెప్పే ఫిర్యాదు ఇదే. ప్రీచాంబర్ ఇంజిన్‌లో చల్లటి గోడలు వేడిని పీల్చేసుకుంటాయి, అందుకే హీటర్ ప్లగ్గులు లేకుండా ఇది లేవదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ వెనక చూడండి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, అంటుకోవడం లేదు. అసలు పొగే లేకపోతే డీజిల్ రావడం లేదు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

తెల్ల పొగ ఉంటే ముందు ప్లగ్గులు చూడండి. పెన్సిల్ రకమైతే ఒక్కోదాని వైరు తీసి మీటరుతో కొలవండి. బాగున్న ప్లగ్గు ఒక ఓమ్‌కు అటూ ఇటూ చూపిస్తుంది, తెగినది ఏమీ చూపించదు. పాత చుట్ట రకం సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే నాలుగూ చల్లబడతాయి. కొత్త ప్లగ్గు వేసే ముందు ఆ రంధ్రంలోని మసి గీకాలి. లేకపోతే మసికి ఆనుకుని కొత్తదీ త్వరగానే కాలిపోతుంది.

ప్లగ్గులు నాలుగూ బాగున్నా లేవకపోతే టాపెట్లు, అంటే వాల్వుల గ్యాప్, చూడండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఈ ఇంజిన్‌లో వాడకంతో గ్యాప్ పెరగదు, వాల్వు సీటులోకి దిగి గ్యాప్ తగ్గుతుంది. చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంటేక్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు పెట్టాలి. 14 నంబరు పానాలు రెండు కావాలి. క్రాంక్ పుల్లీని ఇంజిన్ తిరిగే దిక్కుకే తిప్పండి, వెనక్కి తిప్పకండి. పైసా ఖర్చు లేని పని. "రింగులు పోయాయి" అని తీర్పు చెప్పిన బండి, టాపెట్లు సరిచేశాక మర్నాడు ఒక్క తిప్పుకే లేవడం నేను చూశాను.

స్టార్ట్ అయి పది సెకన్లకే ఆగిపోతుంది

ఎయిర్ లాక్. రాత్రంతా ఎక్కడో గాలి చొరబడి లైన్లో డీజిల్ వెనక్కి జారిపోతోంది. పంపులో మిగిలిన కాస్తా కాలగానే బండి ఆగుతుంది. అనుమానించాల్సినవి: డీజిల్ చిమ్మే నాజిళ్ల మధ్య ఉండే సన్నటి అల్లిక రిటర్న్ పైపులు (వేళ్లతో నలిపితే పొడిపొడిగా రాలితే అవే), ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్, ఫిల్టర్ కింద నలిగిన రాగి వాషర్లు. పైకి తడి కనపడకపోయినా గాలి పీల్చగలవు.

ప్రైమర్ నాబ్ విప్పి కొడుతూ, ఫిల్టర్ పైన గాలి బోల్టు వదులు చేసి బుడగలు పోయేదాకా ఆపకండి. అప్పటికీ లేవకపోతే నాజిల్ పైపుల నట్లు, అవి 17 నంబరువి, కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటే బిగించండి. ఆ చిమ్మే చోట వేలు మాత్రం పెట్టకండి, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. సెల్ఫ్ కూడా ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టొద్దు.

పికప్ లేదు, ఎక్కడంలో నల్ల పొగ

నల్ల పొగంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదని. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైతో పోలిస్తే గాలి దాదాపు పదో వంతు పలచన. టర్బో లేని ఇంజిన్ కాబట్టి చెన్నైలో శుభ్రంగా నడిచిన బండి ఇక్కడ కాస్త నల్లగా వదలడం సహజమే. దానికి పంపు స్క్రూలు తిప్పించకండి. ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చండి, ఆ తర్వాత నాజిళ్లు.

నాజిళ్లను 27 నంబరు డీప్ సాకెట్‌తో విప్పి టెస్టర్ ఉన్న చోట పరీక్ష చేయించాలి. కొత్త నాజిల్ 115 నుంచి 125 బార్ల దగ్గర తెరుచుకోవాలి. వాడినది 100 కంటే దిగకూడదు. పొగమంచులా చిమ్మాలి గాని చుక్క కారకూడదు. బెంగళూరులో ఈ పని తెలిసిన చేతులకు కొరత లేదు. మైకో పంపు అని మనం ఇప్పటికీ పిలిచేదాని ఊరే ఇది, మైకో కంపెనీ 1951లో మొదలైంది, 2008లో బాష్ అయింది. నాజిల్ తిరిగి బిగించేటప్పుడు కింద ఉండే వాషర్ కొత్తది వేయాల్సిందే. పాతది మళ్లీ వేసి, గ్యాస్ లీకై టపటపా శబ్దం వస్తే "నాజిల్ బాగోలేదు" అనడం మామూలైపోయింది.

పొగ పరీక్ష భయం ఉన్నవాళ్లకు: బీఎస్4 కంటే పాత డీజిల్ బండ్లకు హద్దు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత). ఫిల్టర్, నాజిళ్లు సరిగా ఉన్న ఇంజిన్‌కు అది కష్టం కాదు.

పొగ లేకుండానే పికప్ పడిపోతే అది డీజిల్ కరువు. ఫిల్టర్లు రెండూ, ట్యాంకులోని జల్లెడ చూడండి.

ఒకే సిలిండర్లో టక్ టక్

బండి ఐడిలింగ్‌లో ఉండగా నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేయండి. ఏ సిలిండర్‌ది వదలగానే శబ్దం పోతుందో ఆ నాజిలే దొంగ. ఏది వదిలినా మార్పు లేకపోతే శబ్దం కింద నుంచి వస్తోంది, బేరింగు అయి ఉండొచ్చు. అప్పుడు బండి నడపకండి.

ఘాట్‌లో వేడెక్కడం

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. తిరుపతి నుంచి వస్తూ బంగారుపాళ్యం దాటాక మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నా బండి ముల్లు ఎర్ర గీత వైపు వెళ్లేది. పలమనేరు చేరేసరికి మామూలు. రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో ఊచ దూర్చి శుభ్రం చేయడం) చేయించాను, వాటర్ పంపు మార్చాను, బెల్టు మార్చాను. తేడా లేదు. చివరికి తెలిసింది: ఎప్పుడో ఒక గ్యారేజీలో "మన ఎండలకు ఇది ఎందుకన్నా" అని థర్మోస్టాట్ వాల్వు తీసేశారు.

ఈ ఇంజిన్‌లో ఆ వాల్వు రెండు పనులు చేస్తుంది. సుమారు 80 డిగ్రీల దగ్గర రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో బైపాస్ దారి మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సగం నీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లో తిరుగుతాయి. మామూలు రోడ్డు మీద అసలు వేడే ఎక్కదు, దాంతో డీజిల్ తాగుతుంది, బోరు అరుగుతుంది. ఘాట్‌లో మాత్రం ఉడుకుతుంది. కొత్త వాల్వు వేసేముందు గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి, తెరుచుకోవడం కళ్లకు కనపడాలి.

థర్మోస్టాట్ ఉండి కూడా వేడెక్కితే రేడియేటర్ రెక్కల్లోని పురుగులు, మట్టి కడగండి, నీళ్లు ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయిందన్న అనుమానం ఉంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక నిమిషంలో రేడియేటర్ పై హోసు నొక్కండి. నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే హోసు రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోందన్నమాట. అప్పుడు హెడ్ దించాల్సిందే, నేనూ కాదనను.

నీలి పొగ, ఆయిల్ తాగడం

రాత్రి నిలిపిన బండి పొద్దున స్టార్ట్ కాగానే ఒక్కసారి నీలంగా వదిలి తర్వాత ఆగితే వాల్వ్ స్టెమ్ సీళ్లు (వాల్వు కాడ చుట్టూ ఆయిల్ ఆపేవి) పోయినట్టు. పిస్టన్‌ను పై అంచుకు తెచ్చి పెట్టుకుంటే వాల్వు కిందకి పడిపోదు, హెడ్ దించకుండానే మార్చవచ్చు. ఎప్పుడూ నీలమే అయితే రింగులు. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత విప్పి తిరగేసి ఆ మూతి మీదే పెట్టండి. కాస్త వణికితే ఫరవాలేదు. ఎగిరిపడితే కంప్రెషన్ కొలిపించండి, నాలుగింటి మధ్య తేడా 3 బార్లు దాటకూడదు.

అంతా బాగుంది, కానీ బండి మందగించింది

టైమింగ్ చైన్ సాగి ఉంటుంది. పంపును తిప్పేది కూడా ఆ చైనే కాబట్టి వాల్వులూ డీజిలూ రెండూ ఆలస్యమవుతాయి. క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) గుర్తు కలిపి క్రాంక్ పుల్లీ మీద డిగ్రీలు చదవండి. నాలుగైదు ఉంటే క్యామ్ గేరును కాస్త జరిపే ఆఫ్‌సెట్ కీతో సరిదిద్దవచ్చు, పది దగ్గరికొస్తే చైన్ మార్చాలి. కొత్త గొలుసును పాత దాని కొనకు తగిలించి లోపలికి లాగేస్తారు, దీనికీ హెడ్ దించక్కర్లేదు. ఆ తర్వాత పంపు టైమింగ్ టీడీసీకి (పిస్టన్ పై అంచుకు చేరే చోటుకు) 24 డిగ్రీల ముందు ఉండేలా పెట్టించండి.

ఆపినా ఆగకుండా రేస్ పెరిగిపోతే

అరుదే గాని తెలిసుండాలి. ఆయిల్ ఎక్కువ పోసినా, రింగులు బాగా అరిగినా ఇంజిన్ తన ఆయిల్‌నే పీల్చి కాల్చుకుంటుంది. తాళం తిప్పినా ఆగదు. టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేయండి, ఇంజిన్ నొక్కుకుని ఆగుతుంది. అది కుదరకపోతే గాలి వచ్చే నోటికి చెక్క పలకో, దళసరి పుస్తకమో అడ్డం పెట్టండి. గుడ్డ పెడితే లోపలికి లాక్కుంటుంది, చెయ్యి అసలే పెట్టొద్దు.