చుక్క కింద పడుతుంది, లీకేజీ పైనుంటుంది

మొన్న శ్రావణంలో ఒక లెక్కల మాస్టారు మా షెడ్డుకి వచ్చారు. పదమూడేళ్ళ పాత పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లది. రోజూ పొద్దున్నే ఇంటి ముందు టైల్స్ మీద రూపాయి బిళ్ళంత నల్లమరక. వేరే షెడ్డులో చూపిస్తే కింద నుంచి లైటు వేసి చూసి, "వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్ బాక్స్ దించాలి, 14,000 అవుతుంది" అన్నారట. ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే చోట నూనె ఆపేది ఆ సీల్. మాస్టారు బాగా టెన్షన్ పడుతున్నారు. "మాస్టారూ, రెండు రోజులు బండి ఉంచి వెళ్ళండి. ముందు కడిగి చూద్దాం" అన్నాను. చివరికి పోయింది టాపెట్ కవర్ ప్యాకింగ్, అంటే ఇంజిన్ పైమూత అంచున నూనె ఆపే రబ్బరు. 600 రూపాయల సరుకు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి వారంలోనే ఒక మాట చెప్పారు. నూనె పైనుంచి కిందికి జారుతుంది, బండి పరిగెత్తుతుంటే గాలికి వెనక్కి పోతుంది. అందుకే చుక్క పడ్డచోట తలెత్తి చూస్తే సరిపోదు. తడి అన్నిటికన్నా పైన ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. ఇంట్లో మీరు చేసుకున్నా ఇదే పద్ధతి.

ముందు, కారుతున్నది ఇంజిన్ ఆయిలేనా? రాత్రి బండి కింద తెల్ల అట్ట ఒకటి పరచండి. పొద్దున చుక్కని రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి. ఇంజిన్ ఆయిల్ గోధుమరంగు నుంచి నలుపు దాకా ఉంటుంది, జారుడుగా ఉంటుంది. ఏసీ నీళ్ళకి రంగూ వాసనా ఉండవు, దాని గురించి దిగులే అక్కర్లేదు. కూలెంట్ ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటుంది. గేర్ ఆయిల్ గంధకం కంపు కొడుతుంది. చక్రం దగ్గర పల్చటి నూనె కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు బండి తీయకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

తర్వాత ఆయిల్ గేజి, అంటే ఇంజిన్లో నూనె ఎంతుందో చూసే పుల్ల. బండి చదునైన నేల మీద ఉండాలి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు కావాలి. గేజి ఒకసారి తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ తేడా సుమారు 1 లీటరు. కింది గీత కన్నా తగ్గితే ముందు ఆయిల్ పోసి, ఆ తర్వాతే లీకేజీ వెతకండి. దారిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇంటి దాకా పోదామనుకోకుండా పక్కకి తీసి ఆపేయండి. బానెట్ లోంచి మాడు వాసన, పొగ వస్తుంటే ఆయిల్ సైలెన్సర్ గొట్టం మీద పడుతుందేమో అనుమానించాలి. దానికి మంట అంటుకోగలదు, ఆ పని రేపటికి వాయిదా వేయకూడదు.

ఇక కడగడం. సగం లీకేజీలు ఈ పని చేయకపోవడం వల్లే దొరకవు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆల్టర్నేటర్‌కి, ఫ్యూజ్ బాక్సుకి, ఎయిర్ ఫిల్టర్ మూతికి ప్లాస్టిక్ కవర్లు కట్టండి. జిడ్డు వదిలే లిక్విడ్ చల్లి బ్రష్‌తో రుద్ది, పది నిమిషాలాగి, నీళ్ళు మెల్లగా పోయండి. పెట్రోలుతో మాత్రం కడగొద్దు. బాగా ఆరాక అతుకుల మీద మామూలు టాల్కం పౌడర్ పాత బ్రష్‌తో పల్చగా అద్దండి, బెల్టుల మీద పడనీయకండి. ఆ కవర్లన్నీ తీసేసి 20 కిలోమీటర్లు తిప్పి రండి. టార్చ్, చిన్న అద్దం చేతిలో ఉంచుకొని పైనుంచి కిందికి చూసుకుంటూ రండి.

మాస్టారి బండిలో టాపెట్ కవర్‌కి గేర్ బాక్స్ వైపు వెనక మూల, తెల్ల పౌడర్ మీద నూలుపోగంత సన్నటి గీత గోధుమరంగుకి తిరిగింది. ఆ గీత కవర్ కిందుండే హెడ్ అంచు వెంట దిగి, ఇంజినూ గేర్ బాక్సూ కలిసే అతుకు దాకా వెళ్ళి, అక్కడ నుంచి బొట్టుగా రాలుతోంది. కింద పడుకుని చూసినవాళ్ళెవరైనా ఆయిల్ సీలే అంటారు. కవర్ తీస్తే రబ్బరు ప్యాకింగ్ రాయిలా బిగుసుకుపోయింది. వంచితే అప్పడంలా పుటుక్కున విరిగింది.

పైన ఏమీ కనిపించకపోతే ఎర్ర ఆయిల్ లైటుని వెలిగించే ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైరు ఊడదీసి చూడండి, వైరు మూతి లోపల నూనె ఉంటే స్విచ్ పోయినట్టే. ఆయిల్ మార్చిన కొత్తలో కారితే ఫిల్టర్‌నీ డ్రెయిన్ బోల్టు వాషర్‌నీ చూడండి. ఒక్కోసారి పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాకుకే అతుక్కుపోయి, దాని మీద కొత్తది ఎక్కిస్తారు. అప్పుడు నూనె ధారగా పోతుంది.

ప్యాకింగ్ మార్చడం ఓపికుంటే ఇంట్లో చేసుకోదగ్గ పనే. ఇంజిన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యాలి. ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్‌కి, వైర్లకి వరస నంబర్లు రాసిన టేపు అంటించండి. ప్లగ్ గుంతల్లో నూనె నిలిచి ఉంటే గుడ్డతో పీల్చి తీసేదాకా ప్లగ్గులు విప్పకండి, లేకపోతే ఆ నూనె సిలిండర్లోకి పోతుంది. ఆ గుంతల చుట్టూ విడిగా సీల్స్ ఉంటే అవీ మార్చండి. కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, అల్యూమినియం మీద గాటు పడితే జీవితాంతం లీకే. రబ్బరు సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టండి. అంచులు గుడ్డతో తుడవండి, ఎమరీ కాగితం వద్దు, ఆ పొడి ఇంజిన్లో పడుతుంది.

కొత్త ప్యాకింగ్ గాడిలో పొడిగానే కూర్చోవాలి. ఇంజిన్ పక్కనుండే టైమింగ్ కవర్, హెడ్ కలిసే మూలల్లో మాత్రం పెసరగింజంత సిలికాన్ పెట్టండి. చుట్టూ పూసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పొంగి లోపలికి పోయిన ముక్కలు ఇంజిన్ అడుగున నూనె నిలిచే చాంబర్లోకి దిగి ఆయిల్ పంపు జాలీని మూసేస్తాయి. బోల్టులు మధ్య నుంచి చివరలకి, రెండు విడతల్లో బిగించండి. చాలా పెట్రోలు ఇంజిన్లకి 8 నుంచి 11 న్యూటన్ మీటర్ల బిగింపు (టార్క్ రెంచి మీద చూసే అంకె) చాలు, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకె ప్రకారం బిగించడం మంచిది. బలమంతా పెడితే ప్యాకింగ్ నలిగి మళ్ళీ కారుతుంది.

ఇంజిన్ లోపలి పొగని బయటికి లాగే పీసీవీ వాల్వ్ కూడా తప్పకుండా చూడండి. చాలా బండ్లలో తీసి ఊపితే టకటకమనాలి. మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, కొత్త ప్యాకింగ్‌నీ తోసేస్తుంది. మాస్టారి బండిలో అదీ జిడ్డుతో పూడిపోయి ఉంది, మార్చాను.

సిలికాన్ ట్యూబ్ మీద రాసినంత సేపు ఆగి స్టార్ట్ చేయండి. 100 కిలోమీటర్లు తిరిగాక గేజి చూసి, మళ్ళీ అదే తెల్ల అట్ట పరచండి. పైన అంతా పొడిగా ఉండి, గేర్ బాక్స్ అతుకు దగ్గర మాత్రమే తడి కనిపిస్తే, అది నిజంగానే వెనక సీల్ అయ్యుండొచ్చు. ఆ పని షెడ్డుకే ఇవ్వండి. గేర్ బాక్స్ ఎలాగూ దిగుతుంది కాబట్టి క్లచ్ ప్లేటు కూడా తీసి మీ కళ్ళముందే చూపించమనండి.