ఈ.కోలైతో క్లోరిన్ ఉన్న కైరల్ ఆల్కహాల్: 5 గ్రాముల బ్యాచ్

కొలెస్ట్రాల్ తగ్గించే మందు అటోర్వాస్టాటిన్ తయారీలో వాడే ఎస్-క్లోరోహైడ్రాక్సీబ్యూటిరేట్ ఎస్టర్ కైరల్ ఆల్కహాల్, అంటే అద్దంలో బింబాల్లాంటి రెండు రూపాలుండేది; మనకు ఎస్ రూపమే కావాలి. దీనికి కార్బొనిల్ రిడక్టేజ్ (కీటోన్‌ని ఆల్కహాల్‌గా మార్చే ఎంజైము), గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ (గ్లూకోజ్‌ని వాడి ఆ పనికి కావాల్సిన ఎన్‌ఏడీపీహెచ్‌ని మళ్లీ మళ్లీ పుట్టించే ఎంజైము) రెండూ ఉన్న ఈ.కోలై బ్యాక్టీరియా కావాలి. 50 మి.లీ. ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ 6.5) తడి కణాలు 5 గ్రాములు, గ్లూకోజ్ 6.6 గ్రాములు, ఎన్‌ఏడీపీ (ఎంజైములకు తోడుండే సహకారకం) 4 మి.గ్రా. వేయండి. ముడిపదార్థం ఇథైల్ 4-క్లోరోఅసిటోఅసిటేట్ 5 గ్రాముల్ని 50 మి.లీ. బ్యూటైల్ అసిటేట్‌లో కలిపి పోయాలి. నేరుగా నీళ్లలో పోస్తే ఎంజైములు దెబ్బతింటాయి, ఆ ముడిపదార్థమూ విడిపోతుంది. దాని ఘాటు కళ్లు మండిస్తుంది, ఫ్యూమ్‌హుడ్ తప్పదు.

అసలు తిప్పలు పీహెచ్‌తోనే. గ్లూకోజ్ నుంచి గ్లూకోనిక్ ఆమ్లం పుట్టి పీహెచ్ పడిపోతూ ఉంటుంది. దాన్ని 6.5 దగ్గర నిలపడానికి 2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా 15 మి.లీ. దాకా పడుతుంది, ఒక్కసారి ఒంపితే క్లోరిన్ ఊడిపోతుంది. అంత పట్టకముందే చుక్కల అవసరం ఆగిందంటే ఎంజైము చచ్చినట్టే. గుంటూరు మే ఎండల్లో 30 డిగ్రీలు నిలవాలంటే చల్లనీళ్ల జాకెట్ ఉండాల్సిందే. ఎస్ రూపం శుద్ధత కైరల్ జీసీలో (రెండు రూపాల్నీ వేరుచేసే గ్యాస్ క్రోమటోగ్రఫీలో) చూడండి.