గోరంతని కొండంత చేసి చెప్పడం ఎలా

విజయనగరం కాంప్లెక్స్‌లో ఎక్కాల్సిన బస్సు కొద్దిలో తప్పిపోబోయింది, పరిగెత్తి ఎక్కేశారు. విషయం ఇంతే. దీన్ని రక్తి కట్టించాలంటే ముందు టిఫిన్, టికెట్టు సంగతులు తీసెయ్యండి. బస్సు కదులుతున్న క్షణంలోనే ఎత్తుకోండి.

సాగదీయాల్సింది కొలతల్ని కాదు, ఆ క్షణాన్ని. "చెయ్యి చాపాను... కమ్మీ వేళ్లకి తగిలింది..." అని రెండు సెకన్లు ఆగండి. ఐదు సెకన్లు ఆగితే ఎవడో ఫోన్ తీస్తాడు. జముకుల కథలో (బుర్రకథ లాంటి ఉత్తరాంధ్ర జానపద కళ) వంత అందుకున్నట్టు "ఆ, తర్వాత?" అనేవాడు పక్కనుంటే సగం పని అయిపోయినట్టే.

చాలామంది దొరికిపోయేది ఊరంతా చూసినదాన్ని పెంచినప్పుడు. విజయనగరం పైడితల్లి జాతరలో, దసరా తర్వాతి మంగళవారం, పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఐదుసార్లంటే చంటిపిల్ల కూడా నవ్వుతుంది. ఆ తోపులాటలో మీ చెప్పు పోయిన వైనం మాత్రం ఎంతైనా పెంచుకోండి, సాక్షి లేడు.

2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను లాంటివాటికి మసాలా వద్దు. గొంతు తగ్గించి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. జీడితోటలు పోగొట్టుకున్నవాళ్లు వింటుంటారు.

కోతలు కోసినా కథకి ఒక్కటే. పాము కథైతే పొడవు చెప్పకండి, పదడుగులంటే బేరం మొదలవుతుంది. అది గడప దాటుతున్నంతసేపూ మీరు ఊపిరి బిగబట్టారని చెప్పండి. పొడవు వాళ్లే కొలుచుకుంటారు.