నయాగరా దగ్గర ఆర్వీతో విడిది: కుటుంబానికి తగిన క్యాంప్‌గ్రౌండ్‌ను ఎంచుకునే తీరు

నయాగరా జలపాతానికి ఆర్వీలో, అంటే లోపలే వంటకూ పడకకూ వీలున్న పెద్ద బండిలో, బయలుదేరే కుటుంబాలు క్యాంప్‌గ్రౌండ్ వెతికేటప్పుడు మొట్టమొదట చూసేది అది జలపాతానికి ఎన్ని మైళ్ల దూరంలో ఉందన్నది. ఆ లెక్క అవసరమే గాని, దానికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది: ఒకసారి నిలిపిన బండిని కదపకుండా రోజూ జలపాతం దాకా ఎలా వెళ్లి వస్తారు? అలాంటి బండిని కదపాలంటే కరెంటు తీగ, నీటి గొట్టం, మురుగు గొట్టం విప్పాలి, గది వెడల్పు పెంచడానికి పక్కలకు జరిపిన స్లైడ్-అవుట్‌లు లోపలికి లాగాలి, గిన్నెలన్నీ అరల్లో సర్దాలి. సాయంత్రం తిరిగి వచ్చాక, పిల్లలు నిద్రకు తూగుతుండగా, ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకే వెనుక కారు కట్టుకుని వెళ్లనివారికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్నా బస్సు దొరికే చోటు, రెండు మైళ్ల దూరంలో ఉండి బస్సు లేని చోటుకన్నా మేలని నా అభిప్రాయం.

ఇక ఏ ఒడ్డున దిగాలన్నది నిర్ణయించుకోవాలి. నది ఒక ఒడ్డున అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, మరొక ఒడ్డున కెనడాలోని ఒంటారియో ఉన్నాయి. గుర్రపునాడా ఆకారంలోని పెద్ద జలపాతం, అమెరికన్ జలపాతం రెండూ ఎదురుగా కనిపించేది కెనడా వైపు నుంచి. అమెరికా వైపు గోట్ ఐలాండ్ అనే దీవి మీద నీరు కిందికి దూకే అంచు పక్కనే నిలబడవచ్చు. భారత పాస్‌పోర్టుతో కెనడాలోకి వెళ్లడానికి సందర్శక వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ వీసా అక్కరలేదు, కాని పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉండాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవారు అమెరికాకు తిరిగి రావడానికి తమ కాగితాలు సరిపోతాయో లేదో బుకింగుకు ముందే తేల్చుకోవాలి. ఆర్వీని అద్దెకు తీసుకుంటే సరిహద్దు దాటడానికి ఒప్పందం అనుమతిస్తుందో లేదో చదివి చూసుకోవాలి. పత్రాలన్నీ ఉన్నవారికి మరో సులువైన మార్గం కూడా ఉంది. బండిని అమెరికా వైపు ఉంచి, నది మీద 1941లో ప్రారంభమైన రెయిన్‌బో బ్రిడ్జి మీద నడిచి అవతలికి వెళ్లి రావచ్చు.

జలపాతాన్ని ఆనుకుని ఉన్న నయాగరా ఫాల్స్ స్టేట్ పార్కు 1885లో ఏర్పడింది. అందులో రాత్రి విడిదికి స్థలాలు లేవు కాబట్టి అమెరికా వైపు కొంచెం దూరం పోక తప్పదు. నదిలోని గ్రాండ్ ఐలాండ్ మీద పిల్లల వసతులున్న కుటుంబ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అయితే ఆ దీవికి వెళ్లే వంతెనల మీద టోల్ ఉంటుందని గుర్తుంచుకోండి. యంగ్స్‌టౌన్ దగ్గర, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఫోర్ మైల్ క్రీక్ స్టేట్ పార్కు జలపాతానికి సుమారు 15 మైళ్లు. సొంత కారు ఉండి, ప్రశాంతత కోరేవారికి నేను చెప్పేది అదే. చెట్ల మధ్య పడుకుని సాయంత్రం సరస్సులో సూర్యాస్తమయం చూసే భాగ్యం పట్టణం మధ్యలో దొరకదు. అక్కడ కరెంటు ఉన్న స్థలాలు కొన్నే కనుక, స్థలం ఎంచుకునేటప్పుడే ఆ వివరం చూడాలి. కెనడా వైపు లండీస్ లేన్ రోడ్డు వెంట పెద్ద క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. ఆ రోడ్డు మీద తిరిగే వీగో బస్సు జలపాతం వైపు తీసుకెళ్తుంది గనుక కారు లేని కుటుంబాలకు ఇది అన్నిటికన్నా అనుకూలం.

కరెంటు విషయంలో తొందరపడకండి. 30 ఆంపుల కనెక్షన్ గరిష్ఠంగా 3,600 వాట్లు ఇస్తుంది, 50 ఆంపులది 12,000 వాట్ల దాకా ఇస్తుంది. పైకప్పు మీది ఏసీ ఒక్కటే దాదాపు 1,500 వాట్లు తీసుకుంటుంది. మైక్రోవేవ్ కూడా ఇంచుమించు అంతే. ఈ రెండూ నడుస్తుండగా నీళ్లు కాచే కెటిల్ పెట్టారంటే బ్రేకర్ పడిపోతుంది. ఒక వేసవిలో మాకు 50 ఆంపులని చెప్పి ఇచ్చిన స్థలంలో తీరా చూస్తే స్తంభం మీది పెట్టె తెరవగానే 30 ఆంపుల సాకెట్ ఒక్కటే కనిపించింది. రెండు ఏసీలున్న బండిలో ఒకటి ఆపేసి, ఉక్కపోతలో పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఆ రాత్రి నానా అవస్థ పడ్డాం. అప్పటినుంచి స్థలం సంఖ్య చెప్పి, అక్కడ ఏయే సాకెట్లున్నాయో ఫోనులో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కడుతున్నాను. అదే ఫోనులో స్థలం పొడవు, మురుగు కనెక్షన్ అక్కడే ఉందా లేక మురుగు వదలడానికి ఉమ్మడి డంప్ స్టేషన్‌కు వెళ్లాలా, ముందుకు నడిపి అలాగే బయటికి వెళ్లగలిగే స్థలమా లేక రివర్సులో పెట్టాలా అన్నవీ అడగవచ్చు.

జలపాతం చూసే వేళలను బట్టి కూడా విడిదిని అంచనా వేయాలి. విద్యుదుత్పత్తి కోసం నదిలోని నీటిని మళ్లిస్తారు. 1950 నాటి ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు సెకనుకు కనీసం లక్ష ఘనపుటడుగుల నీరు జలపాతం మీదుగా పారాలి. ఆ నెలల్లో రాత్రివేళ అందులో సగం పారితే చాలు. అంటే పెందలాడే లేచి పరుగెత్తనక్కరలేదు, అర్ధరాత్రి దాకా అక్కడే ఉండనూ అక్కరలేదు. చీకటి పడ్డాక రంగుల దీపాలు చూసి పదింటికల్లా బయలుదేరితే చాలు కాబట్టి, ఆ వేళకు తిరుగు బస్సు ఉందో లేదో ముందే చూసుకోండి.

జూలై, ఆగస్టు నెలల్లో, ముఖ్యంగా కెనడా డే (జూలై 1), అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4, సెప్టెంబరు మొదటి సోమవారంతో ముగిసే వారాంతం సమయాల్లో స్థలాలు త్వరగా నిండిపోతాయి. న్యూయార్క్ స్టేట్ పార్కుల్లో 9 నెలల ముందు నుంచే బుక్ చేసుకునే వీలుంది. బుక్ చేసే ముందు ఉపగ్రహ పటంలో ఆ స్థలం చుట్టూ ఒకసారి చూడండి. రైలు పట్టాలు, హైవే దగ్గరగా ఉంటే పసిపిల్లలున్నవారు మరో చోటు వెతుక్కోవడం మంచిది. స్నానాల గది నుంచి స్థలం ఎంత దూరమో, మధ్యలో బండ్లు తిరిగే దారి ఉందేమో కూడా చూడాలి. క్యాంప్‌ఫైర్ కట్టెలు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోకండి. చీడలు వ్యాపించకుండా, వేడి చేసి శుద్ధి చేయని కట్టెలను 50 మైళ్లకు మించి తరలించడాన్ని న్యూయార్క్ నిషేధించింది. అక్కడే కొనుక్కోవాలి.

ఇంకా వెలుతురు ఉండగానే చేరుకోండి. ముందు ఒకరు దిగి కొమ్మల ఎత్తు, నేల వాలు చూసి బండి నిలపడంలో సాయం చేయాలి. తరువాత దిమ్మలు పెట్టి బండిని సమతలం చేసి, స్తంభం మీది బ్రేకర్ ఆపి ఉంచి ప్లగ్గు పెట్టి, ఆ తరువాతే బ్రేకర్ వేయాలి. సాకెట్ వదులుగా ఉన్నా, కాలిన మచ్చ కనిపించినా ప్లగ్గు పెట్టకుండా నేరుగా ఆఫీసుకు వెళ్లి వేరే స్థలం అడగండి. చీకటి పడకముందే వెళ్తే అది దొరికే అవకాశం ఎక్కువ.