పేరు తప్పా, దారి తప్పా? ఇంట్లో లినక్స్ నెట్‌వర్క్ మొరాయించినప్పుడు

విశాఖలో మా పెదవాల్తేరు ఇంటి నుంచి సముద్రం కనిపించదు గానీ దాని గాలి రోజూ వచ్చి పలకరిస్తుంది. కిటికీ గ్రిల్లుకు ఏటా రంగు వేయిస్తాం, ఏటా తుప్పు పడుతుంది. ఆ గాలి కంప్యూటర్ వెనక్కు కూడా వెళ్తుందని గత జూలై దాకా నాకు తట్టలేదు.

చిన్న దుకాణాల లెక్కలు ఇంట్లోనే రాస్తాను. జూలై అంటే రిటర్నుల కాలం, ఊపిరాడదు. సరిగ్గా ఆ హడావుడికి ముందు ఆదివారం నాకు బుద్ధి పుట్టి పాత డెస్క్‌టాప్‌కు పేరు మార్చాను. అందులో ఉన్నది డెబియన్ అనే లినక్స్. ఇన్‌స్టాల్ చేసినప్పుడు వచ్చిన 'డెబియన్' అనే పేరు తీసేసి 'యారాడ' అని ఇక్కడి ఊరి పేరే పెట్టాను. ల్యాప్‌టాప్ ఎప్పటి నుంచో 'భీమిలి'. సోమవారం ఉదయం చూస్తే వెబ్‌సైట్లు ఒకటి తెరుచుకుంటే రెండు తెరుచుకోవు. సూడోతో, అంటే యంత్రం యజమాని హక్కులతో, ఏ ఆదేశం ఇచ్చినా పది సెకన్లు గుడ్లప్పగించి చూసి, యారాడ ఎవరో తెలియడం లేదని ఫిర్యాదు. పేరు మార్చడం వల్లే నెట్ పోయిందనుకుని పాత పేరు పెట్టాను. కుదరక మళ్లీ కొత్త పేరు పెట్టాను. అలా మధ్యాహ్నం దాటింది.

గాజువాకలో ఉన్న మా అక్క కూతురికి ఫోను చేస్తే, "పిన్నీ, అవి రెండు వేర్వేరు జబ్బులేమో. ముందు దారి చూడు, తర్వాత పేరు చూద్దువు గాని" అంది. అప్పటి నుంచి నేనూ ఆ వరుస తప్పడం లేదు. కింద ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

టెర్మినల్ తెరిచి 'ఐపీ ఏ' అని కొట్టండి. మీ నెట్‌వర్క్ కార్డు పేరు కింద 192.168తోనో 10తోనో మొదలయ్యే అంకెలు ఉంటే రౌటర్ మీకు చిరునామా ఇచ్చినట్టే. 169.254తో మొదలైతే ఇవ్వలేదు. కంప్యూటరే తోచింది పెట్టుకుంది. తర్వాత 'ఐపీ ఆర్' కొడితే 'డిఫాల్ట్ వయా' అన్న మాటల పక్కన ఉండేది రౌటర్ చిరునామా. మా ఇంట్లో 192.168.1.1. దాన్ని పింగ్ చేయాలి, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందా అని చూడాలి. లినక్స్‌లో పింగ్ తనంతట తాను ఆగదు; కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది.

నేను ఇరవై పింగులు పంపితే ఆరు తిరిగి రాలేదు. రౌటర్ ఉన్నది పక్క గదిలో! అంటే తప్పు ఇంట్లోనే ఉంది, నెట్ ఇచ్చే కంపెనీకి ఫోను చేసి పోట్లాడే పని లేదు. రౌటర్ దాకా శుభ్రంగా వెళ్లి, బయట గూగుల్ నడిపే సర్వర్ 8.8.8.8కు మాత్రం వెళ్లకపోతే అప్పుడు పోట్లాడవచ్చు.

కంప్యూటర్ ఆపి, కేబుల్ క్లిప్పు నొక్కి బయటికి లాగాను. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర చూస్తే, ఎనిమిది బంగారు రంగు పళ్లలో రెండింటి మీద ఇత్తడి చెంబు చిలుము లాంటి పచ్చదనం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిస్తే సాయంత్రం దాకా పని చేసి మళ్లీ మొదటికొచ్చింది. డాబాగార్డెన్స్ వెళ్లి కొత్త కేబుల్ తెచ్చాను. పింగులు ఇరవైకి ఇరవై వచ్చాయి.

చిత్రం ఏమిటంటే, సూడో నత్తనడక కూడా అప్పుడే పోయింది, ఫిర్యాదు మాత్రం పోలేదు. కారణం తర్వాత అర్థమైంది. సూడో ఈ యంత్రం పేరును ముందు హోస్ట్స్ ఫైలులో, అంటే పేర్లకు చిరునామాలు రాసి ఉంచే ఫైలులో, వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతే, నెట్‌లో పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. దారి బాగుంటే తెలియదన్న జవాబు వెంటనే వచ్చేస్తుంది. దారి అరకొరగా ఉంటే మామూలుగా ఐదేసి సెకన్లు రెండుసార్లు ఎదురుచూస్తుంది. నా పది సెకన్లు అవే.

ఇక పేరు సంగతి. 'హోస్ట్‌నేమ్‌సీటీఎల్' ఆదేశం పేరు మారుస్తుంది గానీ హోస్ట్స్ ఫైలు జోలికి పోదు. దాన్ని మనమే దిద్దాలి. సూడోతో నానో అనే ఎడిటర్ తెరిచి, ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైలులో 127.0.1.1తో మొదలయ్యే వరుస చూడండి. అక్కడ కొత్త పేరు ఉండాలి. 127.0.0.1, లోకల్‌హోస్ట్ అని ఉన్న వరుసను కదపవద్దు.

నేను ఆదివారమే దిద్దాను కదా, మరి ఫిర్యాదు ఎందుకు? రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివితే తెలిసింది. ఒకచోట 'ఆర్' తర్వాత ఒకే 'ఏ' రాశాను, ఇంకోచోట దీర్ఘం పోకూడదని రెండు 'ఏ'లు. తెలుగులో రెండూ యారాడే. కంప్యూటర్‌కు మాత్రం ఇద్దరు మనుషులు. ఒక 'ఏ' చెరిపేశాను, ఫిర్యాదు ఆగింది. మన ఊళ్ల పేర్లు పెట్టేవారు స్పెల్లింగును ముందే కాగితం మీద రాసుకోండి. అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ తప్ప ఇంకేవీ వాడవద్దు. అండర్‌స్కోర్ అసలే వద్దు. పేరు మార్చే ముందు క్రోమియం బ్రౌజర్ మూసేయండి. లేకపోతే ప్రొఫైల్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉందని మొండికేయవచ్చు.

8.8.8.8కు పింగ్ వెళ్తూ వెబ్‌సైట్ పేర్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్‌ఎస్ జబ్బు. డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలును చేత్తో దిద్దితే, కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ మళ్లీ తన రాత రాసేస్తుంది. కనెక్షన్ సెట్టింగుల్లో ఐపీవీ4 కింద డీఎన్‌ఎస్ సర్వర్ ఇవ్వండి, నిలుస్తుంది.

అన్ని పింగులూ బాగుండి, బ్రౌజర్ మాత్రం ప్రతి సైటూ సురక్షితం కాదంటుంటే కంప్యూటర్ గడియారం చూడండి; తేదీ తప్పితే బ్రౌజర్ సైట్లను నమ్మదు. ఆగస్టులో కరెంటు పోయి వచ్చాక నా డెస్క్‌టాప్ తేదీ కొన్నేళ్లు వెనక్కి వెళ్లింది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. ఈసారి పేరు జోలికి పోలేదు.