గ్రామీణ నదీ పోర్టు చరిత్రను పరిశీలించే పద్ధతి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, గోధుమ చేల నడుమ కూడా పోర్టులు ఉన్నాయి. అలాంటి పోర్టు ఎందుకు పుట్టిందో తెలుసుకోదలచినవారు రేవు కంటే ముందు చట్టాన్ని చూడాలి. సియాటిల్ తీరభూమి చాలావరకు రైల్వే కంపెనీల గుప్పిట్లో ఉండటంతో, రేవులు ప్రజల చేతికి రావాలన్న ఉద్దేశంతో 1911లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఓటర్లు ఒప్పుకుంటే పోర్టు డిస్ట్రిక్ట్ ఏర్పడుతుంది. అది ఎన్నికైన కమిషనర్లు నడిపే, ఆస్తిపన్ను వేసే అధికారం గల స్థానిక సంస్థ. రేవుల పాలకులను ప్రభుత్వమే నియమించడం చూసిన మనకు ఇది కొత్తగానే తోస్తుంది.

తరువాత తేదీలను పక్కపక్కన పెట్టుకోవాలి. స్నేక్ నది ఒడ్డునున్న విట్‌మన్ కౌంటీ పోర్టును తీసుకుందాం. నది దిగువ భాగంలో ఆనకట్టలకు అమెరికా కాంగ్రెస్ 1945లో అనుమతినిచ్చింది. ఓటర్లు పోర్టును ఏర్పాటు చేసుకున్నది 1958లో. లిటిల్ గూస్ ఆనకట్ట 1970లో, లోయర్ గ్రానైట్ 1975లో పనిచేయడం మొదలుపెట్టాయి. అంటే సరుకులు మోసే బల్లపరుపు పడవలైన బార్జీలకు చాలినంత లోతు నీరు చేరడానికి పన్నెండేళ్లు, కొన్నిచోట్ల పదిహేడేళ్లు ముందే పోర్టు పుట్టింది. రాబోయే నీటిని నమ్ముకుని భూమిని సిద్ధం చేసుకోవడమే దాని తొలి కర్తవ్యమని నా అభిప్రాయం.

ఇక పటం తెరిచి రేవులను, ఆనకట్టలను గుర్తించండి. ఈ పోర్టుకు నది ఒడ్డున సెంట్రల్ ఫెర్రీ, అల్మోటా, విల్మా అనే మూడు స్థలాలు ఉన్నాయి. మొదటి రెండూ లిటిల్ గూస్ జలాశయం మీద ఉండగా, విల్మా లోయర్ గ్రానైట్‌కు ఎగువన ఉంది. అందుచేత విల్మాలో గోధుమ నింపుకున్న బార్జీ దిగువనున్న పోర్ట్‌లాండ్ నగరం చేరాలంటే, దారిలోని ఒక్కో ఆనకట్ట దగ్గర ఒకటి చొప్పున ఎనిమిది లాకులు దాటాలి. తక్కిన రెండు చోట్ల నుంచి ఏడు చాలు. గోదావరి కాలువల లాకులు చూసినవారికి పద్ధతి కొత్త కాదు, పరిమాణమే వేరు.

బడ్జెట్ చదివేటప్పుడు పన్ను రాబడిని, అద్దెల రాబడిని విడివిడిగా చూడాలి. సాధారణ అవసరాల పన్ను, ఆస్తుల మదింపు విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 45 సెంట్లు మించకూడదు. అద్దెల పద్దు చూస్తే నదికి దూరంగా జరిగే పని బయటపడుతుంది: పుల్‌మన్‌లో పారిశ్రామిక వాడ, కోల్‌ఫాక్స్ దగ్గర చిన్న విమానాశ్రయం, ఊళ్లను కలిపే ఫైబర్ కేబుల్. గ్రామీణ పోర్టులు టెలికాం సంస్థలకు టోకున కేబుల్ సౌకర్యం ఇవ్వడానికి 2000లో చట్టం వీలు కల్పించింది. ఉపాధి పెంచడమే అసలు లక్ష్యం, రేవు అందుకొక సాధనం అన్న దృష్టితో చదివితేనే ఈ పద్దులకు పొంతన కుదురుతుంది.

చివరగా, పోర్టు కమిషనర్ల సమావేశాల మినిట్స్, అంటే చర్చల, తీర్మానాల నమోదు, చదవాలి. 1971 నాటి చట్టం ప్రకారం ఆ సమావేశాలు బహిరంగంగా జరగాలి. దొరకని కాగితాలను ప్రజా రికార్డుల చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. సాల్మన్ చేపల కోసం దిగువ స్నేక్ నది మీది నాలుగు ఆనకట్టలను తొలగించాలని అక్కడి ఆదివాసులైన నెజ్ పెర్స్ తెగవారు, పర్యావరణవాదులు కోరుతున్నారు. అవి తొలగితే ఈ మూడు రేవులకూ బార్జీలు రావు కనుక, ఆ అంశంపై కమిషనర్లు చేసిన తీర్మానాలను, తెగవారి వాదనతో పాటు పక్కపక్కన పెట్టుకుని చదవండి.