పట్టాలు తీసేసిన దారిలో: ఒటాగో కొండల మధ్య నాలుగు రోజుల సైకిల్ ప్రయాణం

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒటాగో ప్రాంతంలో క్లైడ్ అనే చిన్న ఊరి నుంచి మిడిల్‌మార్చ్ దాకా 152 కిలోమీటర్ల పొడవున ఒక దారి ఉంది. దాని మీదికి కార్లు, లారీలు రావు. నడిచేవారికీ, సైకిళ్లకూ, గుర్రాలకూ మాత్రమే అది తెరిచి ఉంటుంది. 1879లో పనులు మొదలై, ఒక్కొక్క ఊరినే కలుపుకొంటూ 1907 నాటికి క్లైడ్ చేరిన ఒటాగో సెంట్రల్ రైలు మార్గం ఇది. రోడ్డు రవాణా పెరిగి సరుకు తగ్గిపోయాక కూడా, క్లైడ్ ఆనకట్టకు సామగ్రి చేరవేసేందుకు కొన్నాళ్లు నడిచి, ఆ పని తీరాక 1990లో మూతపడింది. తర్వాత పట్టాలూ స్లీపర్లూ తీసేసిన నేలను ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ శాఖ తీసుకొని, చిన్న కంకరతో చదును చేసి, 2000లో ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయల్ పేరుతో ప్రజలకు అప్పగించింది. ఈ దారిలో తిరగడానికి రుసుము లేదు.

కొండల నడుమ సైకిల్ యాత్ర అనగానే చాలామంది ముందుగా అడిగేది ఎక్కుళ్ల గురించే. ఇక్కడ ఆ బెంగ అక్కరలేదు. బరువైన బండ్లను లాగే ఆవిరి ఇంజను నిటారుగా ఎక్కలేదు కనుక, ఇంజనీర్లు ఈ మార్గంలో వాలు 50కి 1 దాటకుండా చూసుకున్నారు. అంటే యాభై అడుగులు ముందుకు సాగితే ఒక్క అడుగు పైకి. టైగర్ హిల్ అనే గుట్ట దగ్గర ఆ వాలును నిలబెట్టుకోవడానికే మార్గాన్ని పెద్ద మలుపు తిప్పి తీసుకెళ్లారు. దారి మొత్తంలో ఎత్తైన చోటు ఒటురెహువా, వెడర్‌బర్న్ ఊళ్ల మధ్య 618 మీటర్ల దగ్గర వస్తుంది. మన ఘాట్ రోడ్ల మీద సైకిల్ తొక్కిన అలవాటు ఉన్నవారికి అక్కడ బోర్డు చూస్తేనే తప్ప శిఖరం చేరామని తెలియదు. ఇక్కడ లెక్క వేసుకోవలసినవి గాలి, సీటు, రాత్రి పడక; ప్రయాణ ప్రణాళిక ఈ మూడింటి చుట్టూనే తిరగాలి.

గాలితో మొదలుపెడదాం. ఈ ప్రాంతంలో వాయవ్యం నుంచి వచ్చే గాలి బలమైనది, మధ్యాహ్నం దాటాక అది మరీ ఎక్కువవుతుంది. క్లైడ్ నుంచి బయల్దేరితే దారి అలెగ్జాండ్రా దాటాక ఈశాన్యంగా, తర్వాత ఆగ్నేయంగా, చివరికి దక్షిణంగా సాగుతుంది కనుక ఆ గాలి చాలావరకు వెనుక నుంచో పక్క నుంచో తగులుతుంది. అందుకే క్లైడ్‌లో మొదలుపెట్టి మిడిల్‌మార్చ్‌లో ముగించమని నా సలహా. దక్షిణం నుంచి చలిగాలులు వచ్చే రోజుల్లో ఈ లెక్క తారుమారై, చివరి యాభై కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కవలసి వస్తుంది. దానికి విరుగుడు ఒక్కటే: ముందు రోజు సాయంత్రం వాతావరణ సూచన చూసుకొని, పొద్దున్నే బయల్దేరి, భోజనం వేళకే ఆ రోజు దూరంలో ముప్పాతిక పూర్తిచేయడం.

గట్టివారు ఈ దారిని మూడు రోజుల్లో ముగిస్తారు. నాలుగు రోజులైతే చూడవలసినవి వదలకుండా వెళ్లవచ్చు. మొదటి రోజు క్లైడ్ నుంచి అలెగ్జాండ్రా, చాటో క్రీక్ మీదుగా ఒమకావ్ దాకా సుమారు 37 కిలోమీటర్లు. రెండో రోజు ఒటురెహువా దాకా 29. మూడో రోజు వెడర్‌బర్న్, రాన్‌ఫర్లీ దాటి వైపియాటా దాకా 33. నాలుగో రోజు మిగిలిన 53. చివరి రోజు దూరం ఎక్కువే గానీ, వాలు చాలావరకు దిగుడే. ఇవన్నీ ఒక పబ్బు, నాలుగైదు గదులు, మహా అయితే ఒక కొట్టు ఉండే ఊళ్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ముఖ్యంగా ఈస్టర్ సెలవుల్లో ఆ గదులు నెలల ముందే నిండిపోతాయి. కాబట్టి మొదట రాత్రి బసలు ఖాయం చేసుకొని, ఆ తేదీలను బట్టి సైకిల్ అద్దె, ఆ తర్వాతే విమానం టికెట్లు చూసుకోవాలి. ఈ వరుస తిరగబడితే ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న గదికి చీకట్లో తొక్కవలసి వస్తుంది. సైకిళ్లు అద్దెకిచ్చే సంస్థలు కొంత రుసుము తీసుకొని పెట్టెలను ఒక బస నుంచి మరో బసకు చేరుస్తాయి, కనుక సైకిల్ మీద ఆ పూటకు కావలసిన సంచి ఒక్కటి ఉంటే చాలు.

రెండో రోజును కావాలనే చిన్నదిగా ఉంచాను. లాడర్ దాటిన కాసేపటికి దారి మనుహెరికియా నదిని పొడవైన వంతెన మీద దాటి, పూల్‌బర్న్ లోయలోకి ప్రవేశిస్తుంది. పలకలు పలకలుగా చీలిన రాతి కొండను తొలిచి చేసిన రెండు సొరంగాలు అక్కడ ఉన్నాయి. పొడవైనది 229 మీటర్లు, లోపల దీపాలు ఉండవు. ఎండలోంచి ఒక్కసారిగా లోపలికి వెళ్లగానే కళ్లకు ఏమీ కనిపించదు కనుక, ముఖద్వారం దగ్గరే దిగి, నల్లద్దాలు తీసేసి, అర నిమిషం ఆగి, టార్చి వెలిగించుకొని, ఎడమ పక్కగా సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లాలి. ఎదురుగా వచ్చేవారికి తెలిసేలా గంట కొట్టడం మరిచిపోకూడదు. సెల్‌ఫోన్ వెలుగు ఎదుటి మనిషికి మీరు కనిపించడానికి పనికొస్తుంది గానీ, మీ కాలి కింద గుంట కనిపించడానికి చాలదు. రెండు సొరంగాల తర్వాత వచ్చే పూల్‌బర్న్ వంతెన లోయ అడుగుకు 37 మీటర్ల ఎత్తున ఉంటుంది. పక్కన కమ్మీలున్నాయి, అయినా ఎత్తు అంటే భయపడేవారు ఇక్కడా దిగి నడవడమే మేలు.

ఆ సాయంత్రం ఒటురెహువా చేరకముందు హేస్ ఇంజనీరింగ్ వర్క్స్ దగ్గర గంటసేపు ఆగవలసిందే. ఎర్నెస్ట్ హేస్ అనే పిండిమర మెకానిక్ 1895లో మొదలుపెట్టిన ఈ కర్మాగారంలో కంచె తీగను బిగించే పరికరాలు తయారయ్యేవి. వాటిని అమ్మడానికి ఆయన భార్య హానా ఈ ప్రాంతమంతా పొలం పొలానికీ సైకిల్ మీదే తిరిగింది. అప్పటికి ఈ కంకర దారి లేదు, గేర్లూ లేవు.

ఇక సైకిల్. కంకర మీద సన్నని టైర్లు జారతాయి. కనీసం 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నవి కావాలి, గాలి కాస్త తక్కువగా కొట్టించుకోవాలి. దారి పొడవునా అడవి గులాబీ ముళ్లు ఉంటాయి కనుక అదనపు ట్యూబులు రెండు, పంపు, టైరు విప్పే పలకలు సంచిలో ఉండాలి. బ్యాటరీ సైకిల్ కావాలంటే అక్కడే అద్దెకు తీసుకోవడం తప్ప దారి లేదు, ఎందుకంటే ఆ పరిమాణం ఉన్న లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి అనుమతించరు. సీటు విషయం చాలామంది పట్టించుకోరు. మామూలు కొండ దారిలో ఎక్కేటప్పుడు లేచి నిలబడతాం, దిగేటప్పుడు తొక్కడం మానేస్తాం. రైలు వాలు మీద ఈ రెండూ దాదాపు ఉండవు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చొని తొక్కుతూనే ఉంటాం, కాబట్టి కాళ్ల కంటే ముందు కూర్చున్న చోటు నొప్పి పుడుతుంది. మెత్త ఉన్న నిక్కరు వేసుకోవడం, పావుగంటకోసారి పెడళ్ల మీద నిలబడి కాసేపు సాగడం, బయల్దేరే ముందు కొన్ని వారాలపాటు ఊళ్లోనే సమతలం మీద ఆగకుండా రెండేసి గంటలు తొక్కి చూసుకోవడం దీనికి మందు.

తిండి విషయంలో మనవాళ్లకు ఒక హెచ్చరిక. పబ్బుల్లో మాంసాహారమే ప్రధానం. శాకాహారులకు బంగాళాదుంప వేపుళ్లు, సూపు, ఈ దక్షిణ ప్రాంతపు ప్రత్యేకత అయిన చీజ్ రోల్ దొరుకుతాయి. కందిపొడి, కారప్పొడి, అటుకులు వెంట ఉంటే ప్రాణం కుదుటపడుతుంది. అయితే న్యూజిలాండ్‌లో దిగినప్పుడు తినే పదార్థం ఏదైనా సరే, పచ్చడి జాడీ అయినా పొడి పొట్లం అయినా, ప్రయాణికుల పత్రంలో తప్పకుండా రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. సొంత సైకిల్, బూట్లు, గుడారం తీసుకెళ్లేవారు వాటికి అంటిన మట్టిని పూర్తిగా కడిగి, ఆరబెట్టి తీసుకెళ్లాలి. దారిలో ఊళ్ల మధ్య మంచినీళ్లు దొరుకుతాయని నమ్మకూడదు. ముఖ్యంగా లాడర్, ఒటురెహువాల మధ్య కొట్టు అనేదే లేదు కనుక మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా నింపుకోవాలి.

వాతావరణం రెండు కొసలూ చూపిస్తుంది. న్యూజిలాండ్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత, మైనస్ 25.6 డిగ్రీలు, 1903లో ఈ దారిలోని రాన్‌ఫర్లీలోనే. అదే ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అనుకూలమైన కాలం. చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగే ఏప్రిల్ మొదటి రోజులే నాకు ఇష్టం. ఏ నెలైనా గాలి చొరని పలచని కోటు, చేతి తొడుగులు సంచిలో ఉండాలి. ఎండ చల్లగా అనిపించినా అక్కడి అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని త్వరగా కాల్చేస్తాయి కనుక, మన ఒంటి రంగు మీద భరోసా పెట్టుకోకుండా సన్‌స్క్రీన్ రాసుకోవాలి.

దారి గొర్రెల మేత భూముల మధ్య నుంచి పోతుంది కాబట్టి గేట్లు తగులుతాయి. మూసి ఉన్నదాన్ని దాటాక మళ్లీ మూయాలి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదలాలి. వాహనాలు లేవన్న మాట దారికే చెల్లుతుంది, అది రోడ్లను అడ్డంగా దాటే చోట్లకు చెల్లదు. రెండు రోజులు కారు చప్పుడు వినకుండా గడిపిన మనిషి చెవి మందగించి, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి ఎదురుగా సైకిల్‌ను నేరుగా పోనిచ్చే ప్రమాదం అక్కడే ఉంది. ప్రతి దాటే చోటా పూర్తిగా ఆగి, ఒక కాలు నేల మీద మోపి, రెండు వైపులా చూడాలి. లోయల్లో ఫోన్ సంకేతాలు అందవు. అత్యవసర సంఖ్య 111కు ఫోన్ చేయడానికి కొన్ని కిలోమీటర్లు వెళ్లవలసి రావచ్చు కనుక, ఒంటరిగా వెళ్లేవారు ఏ రోజు ఎక్కడ దిగుతారో బస యజమానికి చెప్పి బయల్దేరాలి.

చివరి రోజు హైడ్‌కు ముందు మరో సొరంగం వస్తుంది, టార్చి మళ్లీ చేతికి అందేలా ఉంచుకోండి. హైడ్ దగ్గరే 1943 జూన్ 4న అతివేగంతో మలుపు తిరిగిన రైలు పట్టాలు తప్పి 21 మంది చనిపోయారు. వారి స్మారకం రహదారి పక్కన ఉంది. అక్కడి నుంచి మిడిల్‌మార్చ్ దాకా ఒక పక్క రాక్ అండ్ పిల్లర్ కొండల వరుస తోడుగా వస్తుంది, కొట్లు లేవు. మిడిల్‌మార్చ్ నుంచి డునెడిన్ నగరం సుమారు 80 కిలోమీటర్లు. అక్కడికో, తిరిగి క్లైడ్‌కో తీసుకెళ్లే వ్యానులో సీటు సైకిల్ అద్దెతోపాటే ఖాయం చేసుకోవాలి, ఎదురుగాలి తగిలితే పట్టే సమయం కోసం రెండు గంటలు అదనంగా వేసుకొని ఆ రోజు బయల్దేరే వేళ నిర్ణయించుకోవాలి.